మూడేసి ప్రశ్నల హాలు

మా వీధి చివర గోడ దాటితే యూనివర్సిటీవాళ్ళ ప్రజా వ్యవహారాల స్కూలు. స్కూలంటే పిల్లలు ఎక్కాలు అప్పజెప్పే స్కూలు కాదు. చదువులన్నీ ఎప్పుడో ఐపోయినవాళ్ళు వచ్చి, కుళాయిల్లో నీళ్ళెందుకు రావు, బస్సులెందుకు చాలవు, పన్నులెవరు కట్టాలి అని మాట్లాడుకునే స్కూలు. గురువారం సాయంత్రం అక్కడ ఉపన్యాసం ఉంటుంది. గేటు పక్కన బోర్డుమీద 'అందరికీ ఆహ్వానం' అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. అందరిలో మనమూ ఉన్నామని మా వీధిలో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. అన్ని కార్లు లోపలికెళ్ళి ఏం చేస్తున్నాయో చూడకుండా ఉండలేక ఒకరోజు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఎవరమ్మా నువ్వని ఎవరూ అడగలేదు. కుర్చీ మెత్తగా ఉంది. మాటలు సగం అర్థమయ్యాయి. తర్వాత టీ, బిస్కట్లు ఇచ్చారు. అప్పటినుంచి వీలైనప్పుడల్లా వెళ్తూనే ఉన్నాను.

ఆ హాల్లో మైకు మోసే మనిషి మా ఎదురింటి తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు, వరసకు తమ్ముడు. వీధిలో అందరూ మైకు అనే పిలుస్తారు. "మైకు ఇంట్లో ఉన్నాడా?" అంటే ఆయన భార్య, "మైకు ఉన్నాడు, సౌండే లేదు," అంటుంది. నిజమే, మనిషి నోరు విప్పడం తక్కువ.

కుర్చీలు సర్దడం, బల్లమీద నీళ్ళసీసాలు పెట్టడం, వచ్చినాయన పేరున్న అట్టముక్క నిలబెట్టడం, ఇవన్నీ ఆయన పనులే. కానీ ఉపన్యాసం ఐపోయి, ప్రశ్నలడగండి అన్నాక మొదలవుతుంది అసలు పని. వేదికమీద కూర్చున్న డైరెక్టరమ్మ ఎవరివైపు వేలు చూపిస్తే వాళ్ళ దగ్గరికి మైకు తీసుకెళ్ళాలి. వెనకవాళ్ళకు అడ్డు రాకూడదని నడుము వంచి నడుస్తాడు. అది ఎంత అలవాటైందంటే, మా ఇంటికొచ్చినా టీవీ ముందునుంచి అలాగే వంగి పోతాడు. టీవీ కట్టేసి ఉన్నా సరే.

ఒకసారి అడిగాను, "మైకు వాళ్ళ చేతికివ్వకుండా కింద నువ్వే పట్టుకుంటావేంటి తమ్ముడూ?" అని.

"కొందరికి ఇస్తే తిరిగి రాదక్కా," అన్నాడు.

ఆ కొందరిలో మొదటివాడు ముందు వరసలో కూర్చునే ఒక రిటైరైన ఆఫీసరు. ప్రతి వారం చెయ్యెత్తుతాడు. లేచి, "నాది ప్రశ్న కాదు, చిన్న మాట," అంటాడు. ఆ చిన్న మాట పూర్తయ్యేసరికి బయట టీ చల్లారిపోతుంది. మేమిద్దరం ఆయనకు చిన్నమాటాయన అని పేరు పెట్టుకున్నాం.

మైకు తమ్ముడి భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. వీధిలో సగం జాకెట్లు ఆమె చేతివే. నాలుగేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మిషను పెట్టి రక్తం కడగాలి. ఆ మిషన్లు మా వీధి మలుపులో ఉన్న చిన్న ఆసుపత్రిలోనే ఉండడం మాత్రం అదృష్టం. పొద్దున్న తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి మంచంమీద పడుకోబెట్టి పనికెళ్ళేవాడు. నేనో, పక్కింటివాళ్ళో మధ్యాహ్నం తీసుకొచ్చేవాళ్ళం. మిషనునుంచి దిగినరోజు మనిషి పిండిన బట్టలా ఉంటుంది. ఐనా దారి చిన్నది కాబట్టి జోకులేస్తూనే ఇల్లు చేరేది. "నెమ్మదిగా నడిపించు వదినా, ఇప్పుడే ఉతికి తెచ్చారు, నలిగిపోతాను," అనేది.

ఇంతలో ఆ ఆసుపత్రిని ఎత్తేస్తారని కబురొచ్చింది. చిన్న ఆసుపత్రులన్నీ మూసి, మిషన్లు, నర్సులు అన్నీ ఊరికి అవతలి చివరనున్న పెద్దాసుపత్రిలో కలిపేస్తారట. ఇక్కణ్ణుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. మామూలు మనిషికే నడుం విరిగే ప్రయాణం.

నేను నర్సుని అడిగాను, ఆమె డాక్టర్ని అడగమంది. డాక్టర్ని అడిగాను, పైవాళ్ళు అన్నాడు. పైవాళ్ళెవరని అడిగితే ఫ్యాను వైపు చూశాడు. అప్పుడు మైకు తమ్ముడు మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"అక్కా, వచ్చే గురువారం మా హాలుకి వచ్చేది ఆయనే."

"ఎవరు?"

"ఆసుపత్రులు కలపాలని రిపోర్టు రాసినాయన. పోస్టరు ఇప్పుడే అంటించొచ్చాను."

ఆ సాయంత్రమే మా ముందుగదిలో మీటింగు. నేను, ఇస్త్రీ బండి మామ, పక్కింటి పిన్ని, తమ్ముడు, ఆయన భార్య. మాకందరికీ ఒకటే నమ్మకం. అన్నేసి కార్లు ఎక్కడికి వస్తాయో, పెద్దపెద్దవాళ్ళు ఎక్కడ కూర్చుని మాట్లాడతారో, నిర్ణయాలన్నీ అక్కడే జరుగుతాయి. మరి ఆ హాలు మా గోడ పక్కనే ఉంది, లోపలికి రమ్మని బోర్డు పెట్టారు, మైకు చూస్తే మా తమ్ముడి చేతిలో ఉంది. ఇంతకంటే ఏం కావాలి? ఇన్నేళ్ళూ అందులోకి వెళ్ళి ఒక్క మాట అడగనందుకు మమ్మల్ని మేమే తిట్టుకున్నాం.

"నేనడుగుతాను," అన్నాను.

తమ్ముడి భార్య నవ్వింది. "నీ చేతికి మైకిస్తే ఉపన్యాసం నువ్వే ఇస్తావు వదినా. ఆయన కింద కూర్చుని వినాలి."

"మామ అడుగుతాడు మరి."

"నాకు సభలో నిలబడితే కాళ్ళు వణుకుతాయే," అన్నాడు మామ. "ఇస్త్రీపెట్టె చేతిలో ఉంటే ఎవర్నైనా ఎదిరిస్తాను. మైకుతో కాదు."

"జబ్బు నాది. నేనే అడుగుతాను," అంది ఆమె. గురువారం ఆమెకు మిషను లేని రోజు.

తమ్ముడు గోడకానుకుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అక్కడి పద్ధతి చెప్పాడు. టైము చాలదని డైరెక్టరమ్మ ప్రశ్నల్ని మూడేసి కలిపి తీసుకుంటుంది. ముగ్గురు అడిగాక వచ్చినాయన ఒకేసారి జవాబిస్తాడు. ఆయన మొదటి ప్రశ్నకి కాస్త చెప్తాడు, చివరి ప్రశ్నకి బాగా చెప్తాడు. నడిమిది గాలికి పోతుంది.

"ఎందుకట?" అన్నాను.

"చివరిది చెవిలో ఇంకా ఉంటుంది కదక్కా. ఏళ్ళ తరబడి చూస్తున్నాను. నడిమి ప్రశ్న అడిగినవాళ్ళు ఇళ్ళకు ముఖం వేలాడేసుకునే పోతారు."

"ఐతే నన్ను చివర పెట్టు," అంది ఆయన భార్య.

"పెట్టేది నేను కాదు, డైరెక్టరమ్మ. నేను మోసేవాణ్ణి." ఆగి మళ్ళీ అన్నాడు, "కానీ నువ్వు నడిమి నడవ పక్కన కూర్చో. ముందు అటువైపు వాళ్ళ దగ్గరికి పోతాను. మూడోది నీ దగ్గరికొచ్చేలా చూస్తాను."

ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఆయన తన ఇష్టప్రకారం ఒక్క అడుగు వెయ్యలేదు. ఆ మాట అన్నందుకే చెమట తుడుచుకున్నాడు.

గురువారం వచ్చింది. ఆమె మంచి చీర కట్టుకుంది. చేతిమీద సూదులు గుచ్చే చోటు ఉబ్బి, తాడులా లేచి ఉంటుంది. దాన్ని కొంగుతో కప్పుకుంది. "దాచుకోకు, కనపడనీ," అన్నాను. "జాలితో జవాబు చెప్తే నాకేం లాభం వదినా, సిగ్గుతో చెప్పాలి," అంది.

మామ, పిన్ని, ఇంకో ఇద్దరు ముగ్గురు మా వెనక వరసలో కూర్చున్నారు. చల్లగాలికి పిన్ని అప్పుడే కునుకు మొదలుపెట్టింది.

రిపోర్టు రాసినాయన్ని చూశాక నాకు కోపం నిలవలేదు. బక్కపల్చని మనిషి. మెత్తగా మాట్లాడతాడు, నీళ్ళు తాగినప్పుడల్లా మైకు తమ్ముడికి థాంక్స్ చెప్తాడు. గోడమీద బొమ్మలు చూపించాడు. ఊరి పటం, దానిమీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఆసుపత్రి. చిన్న చోట మిషన్లు పాడైతే బాగుచేసేవాళ్ళుండరు, పెద్ద చోట ఎప్పుడూ డాక్టరుంటాడు, జబ్బుమనుషులకదే క్షేమం అన్నాడు. అందులో అబద్ధమేం నాకు కనపడలేదు. చేతిలో ఏదో నొక్కాడు. చిన్న చుక్కలన్నీ ఒక్కొక్కటిగా మాయమై, ఊరి చివర ఒక్క చుక్క లావెక్కింది. మా చుక్క ఎప్పుడు పోయిందో కూడా చూసుకోలేదు. నేను కళ్ళజోడు తుడుచుకునేలోపే పోయింది.

ఉపన్యాసం ఐంది. చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం, అందరూ కొడుతుంటే ఊరుకోవడం బాగుండదని. డైరెక్టరమ్మ గడియారం చూసి, "ఎప్పటిలాగే ప్రశ్నలు మూడు కలిపి తీసుకుందాం. ఇవాళ ఒక్క విడతే," అంది.

చేతులు లేచాయి. తమ్ముడి భార్య చెయ్యి కూడా లేచింది, కొంగు జారి సూదుల మచ్చలు బయటపడ్డాయి, ఐనా దించలేదు. డైరెక్టరమ్మ వేలితో ముగ్గుర్ని చూపించింది. చిన్నమాటాయన ఒకరు, గోడపక్క కూర్చున్న కాలేజీ పిల్ల ఒకరు, తమ్ముడి భార్య ఒకరు. ఏ వరసలోనో చెప్పలేదు. అది మా తమ్ముడి చేతిలో పడింది.

మా వరస పక్కనుంచే వెళ్ళాడు, ఆగలేదు. వంగి నేరుగా చిన్నమాటాయన దగ్గరికి పోయాడు. ఆయన ప్రశ్న కాదు, చిన్న మాట అంటూనే చాలా చెప్పాడు. తర్వాత గోడ పక్క పిల్ల. ఆమె ఏవో లెక్కలు ఎలా వేశారని అడిగింది. తర్వాత నడుము వంచుకుని మా దగ్గరికొచ్చాడు. భార్య ముందు మైకు పెట్టాడు. మొదటిసారి నేను చూశాను, మైకు కింద పట్టుకోలేదు. పూర్తిగా ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె లేచి, "థాంక్సండీ," అంది మొగుడితో. ఎవరో పరాయివాడితో అన్నట్టే అంది. తర్వాత వేదిక వైపు తిరిగింది.

"అయ్యా, నేను వారానికి మూడుసార్లు మిషనెక్కుతాను. దిగాక నిలబడలేను. మీరు చెప్పిన పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. పోవడానికి పోతానేమో. తిరిగి రావడం ఎలాగో మీ రిపోర్టులో రాశారా? రాస్తే చెప్పండి, అలాగే వస్తాను. రాయకపోతే, మా దగ్గర రెండు మిషన్లన్నా ఉంచమని రాయండి."

అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. వెనక పిన్ని కూడా లేచి కూర్చుంది. మూడో ప్రశ్న మాదే. ఇప్పుడు జవాబివ్వక తప్పదు అనుకున్నాను. తమ్ముడు మైకు తీసుకుంటూ నావైపు చూశాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేనెన్నడూ చూడలేదు.

అప్పుడే ముందు వరసలో సూటు వేసుకున్న ఒకాయన వేలెత్తాడు. ఎవరో పెద్ద అతిథి. డైరెక్టరమ్మ ముఖం విప్పారింది. "అయ్యో, మీరడగకపోతే ఎలా? ఇదొక్కటీ కలిపేద్దాం," అంది.

తమ్ముడు కదల్లేదు. డైరెక్టరమ్మ అతన్ని చూసి మళ్ళీ వేలు చూపించింది. అతను నడుము వంచాడు. మా వరసనుంచి ముందు వరస ఎంతో దూరం లేదు, ఐనా ఆ రోజు అతను చాలాసేపు నడిచాడనిపించింది.

సూటాయన పక్క దేశాల్లో ఎలా చేశారని అడిగాడు. జవాబు ఆ పక్క దేశాల మీదే సాగింది. రిపోర్టాయన అక్కడంతా తిరిగొచ్చినట్టున్నాడు, ముచ్చటగా చెప్పాడు. తర్వాత చిన్నమాటాయనకు నమస్కారం పెట్టి రెండు మాటలన్నాడు. లెక్కల పిల్లకు ఒక మాట. చివర కాగితం చూసుకుని, "ఆ సోదరి ప్రయాణం గురించి అడిగారు. చాలా ముఖ్యమైన విషయం. దానిమీద వేరే అధ్యయనం జరగాలి," అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆమెవైపు చూసి తలకూడా వంచాడు.

డైరెక్టరమ్మ ముగింపు మాటలకు లేచింది. తమ్ముడు నడవ మధ్యలో నిలబడి ఉన్నాడు. వంగి లేడు, నిటారుగా ఉన్నాడు. ఆయన అంత పొడుగని నాకు అప్పుడే తెలిసింది. మైకు ఆయన చేతిలోనే ఉంది. పచ్చలైటు వెలుగుతూనే ఉంది. మేమందరం ఆయన్నే చూస్తున్నాం. మామ పళ్ళు బిగించి, "అడగరా, అడుగు," అన్నాడు.

తమ్ముడు మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ముందు ఊపిరి వినిపించింది, హాలంతా. డైరెక్టరమ్మ ఆగింది. రిపోర్టాయన తలెత్తాడు. తమ్ముడి పెదాలు కదిలాయి.

"హలో," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "హలో. చెక్."

ఖాళీ హాల్లో ఉపన్యాసానికి ముందు మైకు పనిచేస్తుందో లేదో చూడడానికి అనే మాటలవి. అన్నేళ్ళలో ఆ మైకులో ఆయన అన్న మాటలు అవి రెండే. వేరే మాట రాలేదు. కొందరు చిన్నగా నవ్వారు, వెక్కిరింతగా కాదు. డైరెక్టరమ్మ కూడా నవ్వి, "బాగా వినపడుతోంది, థాంక్యూ," అని ముగింపు చెప్పేసింది. అందరూ లేచారు.

టీ దగ్గర రిపోర్టాయన్ని నేనొదల్లేదు. "ఇప్పుడు నిర్ణయం మారుతుందా బాబూ?" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. "అమ్మా, నిర్ణయం పోయిన నెలే ఐపోయింది. నేను నిర్ణయించేవాణ్ణి కాదు, చదివి రాసేవాణ్ణి. ఆరోగ్య శాఖవాళ్ళు నిర్ణయిస్తారు."

"వాళ్ళెక్కడ? ఇక్కడున్నారా?"

"పిలిచారు. రాలేదు."

"మరి ఇక్కడేం జరిగినట్టు?"

ఆయనకు నిజంగానే బాధేసింది. "చర్చ," అన్నాడు.

మేం ముందే ఇల్లు చేరాం. తమ్ముడు కుర్చీలు మడతపెట్టి ఆలస్యంగా వచ్చాడు. నేను గుమ్మంలోనే పట్టుకున్నాను. "నోరెందుకు రాలేదురా? కడుపులో అంత ఉంచుకుని చెక్కేంటి చెక్కు?" అన్నాను. అనకుండా ఉండాల్సింది, అనేశాను.

"నా గొంతు అంత గట్టిగా వినపడేసరికి ఎవరో అనుకున్నానక్కా," అన్నాడు. మెట్టుమీద కూర్చున్నాడు. "అక్కడ అడిగినవన్నీ రికార్డు చేస్తారు. ఇన్నేళ్ళూ అవి ఎవరికో పంపిస్తారనుకున్నాను. ఎవరో కూర్చుని వింటారనుకున్నాను. ఇవాళ అడిగాను. కంప్యూటర్లో పెడతారట. అంతేనట."

లోపల్నుంచి ఆయన భార్య, "ఆయన్నేమీ అనకు వదినా. నా ప్రశ్నకంటే ఆయన చెక్కే బాగా వినపడింది," అంది. నవ్వుదామని చూసింది, దగ్గు వచ్చింది.

నెల తిరగకుండానే లారీ వచ్చింది. మిషన్లకు దుప్పట్లు చుట్టి ఎక్కించారు. మలుపులో తాళం పడింది. పెద్దాసుపత్రిలో ఆమెకు మంగళ, గురు, శనివారాల మధ్యాహ్నాలు ఇచ్చారు. పొద్దున్న ఇవ్వమంటే పొద్దున్నంతా నిండిపోయిందన్నారు. గురువారం మార్చమంటే, ఎవరైనా ఖాళీ చేస్తే చూద్దామన్నారు. ఆ ఖాళీ చెయ్యడమంటే ఏంటో ఆమెకు తెలుసు. మళ్ళీ అడగనివ్వలేదు.

గురువారాలు సెలవివ్వమని తమ్ముడు డైరెక్టరమ్మను అడిగాడు. ఆమె చాలా నొచ్చుకుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నది. కానీ నీ ఉద్యోగమే గురువారం కదా అంది. అదీ నిజమే. మంగళ, శనివారాలు మాత్రం మధ్యాహ్నమే వదిలిపెట్టింది, ఆ రోజుల్లో ఆయనే తీసుకెళ్తాడు. గురువారం నేను వెళ్ళాను.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. తిరుగుదారిలో మొదటి బస్సులో ఒకమ్మాయి లేచి చోటిచ్చింది. రెండో బస్సులో నిలబడే జాగాకూడా లేదు. ఆమె నా భుజంమీద తల ఆనించి, "వదినా, పడిపోతున్నానా, నువ్వూగుతున్నావా?" అంది. నేను స్తంభం పట్టుకుని ఆమెను పట్టుకున్నాను. నా మోకాళ్ళు నా మాట వినని వయసు. దిగాల్సిన చోట దిగలేక ఆ తర్వాతి స్టాపులో దిగాం. అక్కడ దుకాణం అరుగుమీద ఆమె వాంతి చేసుకుంది. దుకాణంవాడు నీళ్ళిచ్చాడు. కబురంది మా వీధివాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు.

అలా కొన్ని గురువారాలు. పిన్ని ఒకసారి, మామ కోడలు ఒకసారి. తర్వాత ఒక గురువారం నేను చెప్పులేసుకుని వెళ్తే ఆమె మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఇవాళొద్దు వదినా. రెండుసార్లు చాల్లే. నేను రాను."

"డాక్టరేమన్నాడు? మానకూడదన్నాడు కదా."

"డాక్టరు బస్సెక్కడు కదా."

బతిమాలాను. తిట్టాను. పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. కదల్లేదు. చివరికి నేనూ చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఎవర్ని అడగాలో, అడిగే చోటు ఎక్కడుందో తెలియదు. ఏది కనపడినా అడిగే నోరు నాది. ఆ రోజు అదీ ఊరికే కూర్చుంది.

సాయంత్రం హాల్లో పని ముగించుకుని తమ్ముడు వచ్చాడు. నన్ను చూశాడు. ఆమెను చూశాడు. వెళ్ళలేదని అర్థమైంది. కాళ్ళవైపు కూర్చుని దుప్పటి తీశాడు. పాదాలు నీరు పట్టి ఉబ్బి, చర్మం మెరుస్తోంది. మడమ దగ్గర బొటనవేలితో నెమ్మదిగా నొక్కి తీశాడు. గుంట పడింది. పూడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు.

"ఎల్లుండి పోదాంలే," అంది ఆమె, గోడవైపే తిరిగి.

"పోదాం," అన్నాడు.

గుంట అలాగే ఉంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. నేనూ చూశాను.